మీసాలపురుగు నడిచిన దూరం

ఎండకాలం, 61వ రోజు

నాలుగో తోటలో మూడు జెముడు చెట్ల మొదట్లో నల్లనీరు కారి ఉంది. పందొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటిది చూడలేదు.

తెల్లవారుతుండగా ఉత్తరాన ఒకటో తోటతో మొదలుపెడితే, దక్షిణాన పదకొండో తోట దాకా తిరిగి వచ్చేసరికి ఇసుక కాలడం మొదలవుతుంది. ప్రతి చెట్టుకూ రెండు మూడు మట్టలను, ముళ్లు లేని ఆ దళసరి పలకలను, చేత్తో తట్టి చూస్తాను. నీళ్లున్న మట్ట గుమ్మడికాయలా బరువుగా పలుకుతుంది. హగరి మిట్టలో రెండు వందల పన్నెండు మంది తాగేది ఈ మట్టలను గానుగలో పిండగా వచ్చే నీళ్లే. చెట్లు చూసే మనిషికి సొంత తోట ఉండకూడదని మా ఊరి పద్ధతి. అన్ని ఇళ్లవాళ్లూ నాకు తలా ఇంత పోస్తారు.

నల్లనీటిని వేలితో తీసి వాసన చూశాను. పులిసిపోయిన వాసన. తల ఎత్తేసరికి నా ముఖానికి జానెడు దూరంలో, మట్ట అంచు మీద ఒక పురుగు కనిపించింది. బొటనవేలి కణుపంత ఉంది. కాటుక నలుపు, నూనె రాసినట్టు మెరుపు. ఒంటి కంటే పొడవైన మీసాలు రెండు. మట్ట అంచును చంద్రవంకలా కొరుక్కుంటూ పోతోంది.

పుల్లతో తాకితే పారిపోలేదు. తల కిందికి వంచి, వెనక భాగం పైకెత్తి, ఏదో చిమ్మబోతున్నట్టు నిలబడింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఏమీ చిమ్మలేదు. మళ్లీ తాకాను, మళ్లీ ఎత్తింది. దాని దగ్గర విషమేమీ లేదు, ఉన్నట్టు బెదిరిస్తుంది అంతే.

సీసాలో పట్టి ఇంటికి తెచ్చి చూశాను. రెక్కల మీద ఉండే డిప్పలు రెండూ నడుమ అతుక్కుపోయి ఉన్నాయి. ఇది ఎగరలేదు. ఎక్కడికి పోవాలన్నా నడిచే పోవాలి. మంచి కబురే అనుకున్నాను.

గానుగ నడిపే సుంకన్నకు చూపించాను. తన తండ్రి కాలం నుంచీ ఈ గడ్డ మీద చీమ తప్ప మరో పురుగు లేదని, ఇన్నాళ్లకు ఒకటి బతికి వచ్చినందుకు సంతోషించమని అన్నాడు.


ఎండకాలం, 63వ రోజు

నల్లనీరు కారిన చెట్టును భుజంతో నెట్టాను. నా ఎత్తుకు రెండింతలున్న చెట్టు చప్పుడు లేకుండా పక్కకు ఒరిగిపోయింది. పైన మట్టలన్నీ పచ్చగా, నిండుగా ఉన్నాయి. మొదలు మాత్రం డొల్ల.

కత్తితో చీల్చి చూశాను. లోపల పదకొండు పిల్లపురుగులు. తెల్లగా, లావుగా, కాళ్లు లేకుండా, చిటికెన వేలంత ఉన్నాయి. తల్లిపురుగు బయట అంచులు కొరికేది కంటికి కనిపిస్తుంది, దానివల్ల చెట్టుకు పెద్ద నష్టం లేదు. చంపేది ఈ పిల్లలు. గుడ్డును తల్లి చెట్టు మొదట్లో, నేలకు ఆనిన చోట పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుంటూ పోతుంది. మనం పైన మట్ట తట్టి, నీళ్లున్నాయని తృప్తిపడి పోతాం. నేను అలాగే పోయాను. ఈ పిల్లల సైజు చూస్తే కనీసం అరవై రోజులుగా ఇవి లోపల ఉన్నాయి.

నాలుగో తోటలో నలభై రెండు చెట్లకు నల్లనీరు ఉంది. మూడో తోటలో తొమ్మిది. ఐదో తోటలో రెండు.


ఎండకాలం, 70వ రోజు

తోటల సభ పెద్ద పెన్నోబులేసు మామ వారం కిందటే అన్ని ఇళ్లవాళ్లనూ పిలిపించాడు. ఆయన మా అమ్మకు సొంత తమ్ముడు. పురుగు ఎగరదని, వేడి తగ్గిన వేళే బయటికి వస్తుందని నేను చెప్పాను. ఉదయం ఇసుక చల్లగా ఉన్నంతసేపు, సాయంత్రం మళ్లీ పొద్దు వాలాక, ఈ రెండు వేళల్లోనే అది మట్టల మీద ఉంటుంది. మిగతా సమయం చెట్టు మొదట్లో నీడలో దాక్కుంటుంది.

అప్పటి నుంచి ఊరంతా ఆ రెండు వేళల్లో తోటల్లోనే ఉంటున్నారు. ముసలివాళ్లు కూడా చాటలు పట్టుకుని వచ్చి ఏరుతున్నారు. ఏరినవాటిని బూడిద కలిపిన గుంటలో వేసి తొక్కుతున్నారు. మొదటి రోజు ఆరు చాటలు నిండాయి. ఏడో రోజు కూడా ఆరు చాటలే నిండాయి.

ఇంట్లో నేను తీగ జాలీ పెట్టెలో పది జతలను పెంచుతున్నాను. ఒక్కో ఆడది రోజు విడిచి రోజు గుడ్డు పెడుతోంది. ఒక్కోసారి ఒకే గుడ్డు. పెట్టిన ప్రతి గుడ్డునూ మట్టి పూసి దాచి, మీసాలతో ఆ చోటును రెండు మూడు సార్లు తడిమి చూసి గానీ కదలదు. చూస్తూ కూర్చుంటే దాని మీద కోపం రావడం లేదు. ఈ మాట సభలో చెప్పలేదు.


ఎండకాలం, 79వ రోజు

పురుగు ఎంత దూరం నడవగలదో తేలింది.

నూరు పురుగుల వీపున సున్నపు చుక్క పెట్టి, చెట్టు లేని ఇసుక మీద వదిలాను. ఇరవై బారలకు ఒకటి చొప్పున మట్టలు పేర్చి, రోజూ ఉదయం ఏ మట్ట దగ్గరికి ఎన్ని చేరాయో చూశాను. ఎండెక్కేలోపు నీడ దొరకనివి ఇసుకలోనే చచ్చాయి. నలభై బారలు దాటినవి ముప్పై. నూరు దాటినవి నాలుగు. అన్నిటికంటే దూరం పోయినది నూట నలభై బారలు. ఆ తర్వాతి మట్టలు ఒక్క గాటు లేకుండా ఉన్నాయి.

రెండు వందల బారల వెడల్పున ఒక్క చెట్టు కూడా లేకుండా పట్టీ తీస్తే ఉత్తరాన ఉన్నది దక్షిణానికి రాలేదు. ఒకటి నుంచి నాలుగు వరకు తోటలు ఎటూ పోయినట్టే. ఐదు, ఆరు కొట్టేస్తే ఏడు నుంచి పదకొండు వరకు నిలుస్తాయి. సభలో నేనే చెప్పాను. ఇంకో మాట కూడా నేనే పెట్టాను. పట్టీ దాటించి ఎవరైనా ఒక్క మట్ట దక్షిణానికి తీసుకుపోతే, వాళ్లు ఊరు విడిచి పోవాలి. అందరూ ఒప్పుకున్నారు.

ఆరో తోట మా అక్క బసమ్మది. బావ పోయిన తర్వాత పద్నాలుగేళ్లుగా ఒంటిచేత్తో పెంచింది. ఎడమచేతి వాటం మనిషి. ఇంట్లో ఇప్పుడు ఆమె, కూతురు కెంచమ్మ, కెంచమ్మకు పుట్టి పన్నెండు రోజులైన ఆడపిల్ల ఉన్నారు. కెంచమ్మ భర్త కిందటేడు ఇసుక తుఫానులో పోయాడు.

సభ ముగిశాక అక్క నా వెంట నడిచింది.

"నీ పురుగు నూట నలభై బారలే కదా నడిచేది. ఐదోది కొట్టేస్తే చాల్దా?"

"ఐదో తోట నూటపది బారలే అక్కా."

"ముప్పై బారల కోసరం నా తోటంతా కొడతారా?"

"మనం గీత గీస్తే అది గీత కాడ నిలబడదు గదక్కా."

 మర్నాడు ఉదయం మిగతావాళ్లు రాకముందే తన తోటలో మొదటి చెట్టు అక్కే కొట్టింది.


ఎండకాలం, 88వ రోజు

కొట్టిన మట్టలు పారేయలేం. నీళ్లతో నిండిన జెముడు కాలదు కూడా. అందుకని, మట్ట పట్టీ దాటకుండా అక్కడికే తెచ్చిన గానుగ ఉదయం నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది. తొట్లు నిండాయి, కుండలు నిండాయి, చివరికి పిల్లల ఉయ్యాల తొట్లు కూడా నింపారు. నిలవ ఉంచితే నాలుగు రోజుల్లో పులిసిపోతుంది కాబట్టి వాడుకోమని సభ చెప్పింది.

ఈ ఊళ్లో పుట్టి పెరిగిన నేను ఈ వారంలో మొదటిసారి తలమీద నుంచి నీళ్లు పోసుకున్నాను. వీధిలో పిల్లలు ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ పరుగెత్తారు. సుంకన్న నడుం దాకా నీళ్లున్న తొట్టిలో కూర్చుని, పండగంటే ఇదేనేమో అన్నాడు. బసమ్మ అక్క వాకిట్లోకి కూడా మూడు కడవలు పంపారు. ఆమె వాటిని గడప దగ్గరే ఉంచి, తాగడానికి ఒక చెంబు మాత్రం ముంచుకుంది. మిగిలినవి అక్కడే పులిశాయి.

పట్టీ పూర్తయింది. రెండు వందల ఆరు బారలు. ఇక ఐదో తోట వాళ్లకూ, అక్క ఇంటికీ ఊరంతా నీళ్లు పోస్తుంది. దక్షిణ తోటల్లో ఇవాళ ఒక్క గాటు కూడా లేదు.


ఎండకాలం, 131వ రోజు

తొమ్మిదో తోటలో చంద్రవంక గాట్లు ఉన్నాయి.

నలభై మూడు రోజులు రోజూ రెండు పూటలా తిరిగాను. పట్టీ ఇసుక మీద పురుగు జాడ ఒక్కటి కూడా లేదు. దక్షిణాన ఏడు, ఎనిమిది తోటలు శుభ్రంగా ఉన్నాయి. వాటిని తాకకుండా పురుగు తొమ్మిదికి ఎలా వచ్చింది?

గాలి అడ్డుకు పేర్చిన రాళ్ల వెనక, వరసలో కాకుండా విడిగా, ఐదు మట్టలు నాటి ఉన్నాయి. పక్కన ఇసుక తవ్వాను. పోకకాయంత గట్టి మట్టిగూళ్లు నాలుగు దొరికాయి. పిల్లపురుగు ఎదిగాక నమిలిన పీచు, మట్టి కలిపి ఇలాంటి గూడు కట్టుకుని, లోపల పెద్దదవుతుంది. నాలుగూ ఖాళీ. బయటికి వచ్చేశాయి. ఇప్పటికి ఎన్ని గుడ్లు పెట్టి ఉంటాయో చెప్పలేను.

పురుగు నడిచి రాలేదు. మట్టలోనే ఉండి, మనిషి చేతుల్లో వచ్చింది.

సాయంత్రం రేడియోలో చుట్టుపక్కల మూడు ఊళ్లకూ హెచ్చరిక చదివాను. హగరి మిట్ట నుంచి మట్ట గానీ, బుట్ట గానీ, మనిషి గానీ వస్తే గేటు తీయవద్దని చెప్పాను. చీర మడతలో కూడా ఒక ఆడపురుగు రాగలదు. ఒక్కటి చాలు. ఇక్కడ ఉన్నదీ అక్కడ ఉన్నదీ ఒకే చెట్టు. అందరం ఒక తల్లిమట్ట నుంచి తెచ్చి నాటుకున్నవే.

అది చదివి వచ్చాక, ఆ ఐదు మట్టల్లో నేను పీకి తెచ్చినదాన్ని బల్ల మీద పెట్టి చూశాను. కోత కుడి నుంచి ఎడమకు వాలుగా ఉంది. ఎడమచేత్తో కోస్తేనే అలా తెగుతుంది.


ఎండకాలం, 132వ రోజు

అక్క ఇంటికి వెళ్లాను. కెంచమ్మ లోపల పిల్లకు పాలిస్తోంది. అక్క గడపలో కూర్చుని ఉంది. మట్ట ఆమె ముందు పెట్టాను. చూసి, పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"ఎన్ని నాటినావు?"

"ఐదు. అడిగినోళ్లకి ఇంకో నాలుగు ఇచ్చినా. ఎవరికని అడగొద్దు, చెప్పను."

"సభలో నువ్వు గూడ చెయ్యెత్తినావు గదక్కా."

"ఎత్తినా."

"మరి ఎందుకు?"

మట్టను తీసుకుని వేళ్లతో తిప్పి చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. "నీళ్లు పోస్తామన్నారు. పోస్తాండారు, కాదనను. చెంబు తీసుకోని పోయినప్పుడల్లా కెంచమ్మ తల వంచుకోని నిలబడతాది. ఒకరు పోసేదాకా ఇంకొకరి మొగం చూస్తాది. ఆ పిల్ల గూడ పెద్దదై అట్ల నిలబడాల్నా? ఐదు మట్టలు. నాలుగేండ్లకి చెట్లయితాయి. ఆ మాత్రం చాలనుకున్యా."

"మట్టలో పిల్లపురుగు ఉండొచ్చని తెల్దా?"

"చూసే నాటినా. నల్లనీరు లేదు."

నల్లనీరు రావడానికి ముందు ముప్పై రోజులు ఏమీ కనిపించదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు నేను చెప్పలేదు. సభలోనూ చెప్పలేదు. మట్ట దాటించకూడదని అన్నానే గానీ, ఎందుకో విడమరిచి చెప్పాలని తోచలేదు.


ఎండకాలం, 134వ రోజు

పేరు చెప్పకుండా ఉండవచ్చా అని రెండు రోజులు ఆలోచించాను. చెప్పకపోతే పురుగు రెండు వందల ఆరు బారల ఇసుక నడిచి దాటిందని ఊరు నమ్ముతుంది. రేడియోలో వినే ఊళ్లూ నమ్ముతాయి. రేపు వాళ్లకు పురుగు వస్తే, పట్టీ తీసి లాభం లేదని వదిలేస్తారు. అది నిజం కాదు. పట్టీ పని చేసింది.

సభలో ఈ పుస్తకం తీసి, ఈ మధ్య రాసినదంతా చదివాను. ఎడమచేతి కోత దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నా వైపు చూడలేదు, అందరూ అక్క వైపు చూశారు. పెన్నోబులేసు మామ అడిగితే ఆమె లేచి, నాటింది తనేనని చెప్పింది. మిగతా నాలుగూ ఎవరికిచ్చావంటే నోరు విప్పలేదు.

అక్క ఊరు విడవాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. మొదట మామే ఎత్తాడు. లెక్క నేను రాయలేదు, చాలామంది ఎత్తారు. నేను ఎత్తలేదు, దానివల్ల ఏమీ మారలేదు. తప్పు చేసిన ఇంటికి నీళ్ల పంపకం ఆపాలని కూడా తీర్మానించారు.

నాలుగు రోజులకు సరిపోయే నీళ్లు, కొర్ర రొట్టెలు ఇచ్చారు. దగ్గరి ఊరు రాళ్లకుంటకు మూడు రోజుల నడక. అక్క తన కత్తిని కెంచమ్మ చేతిలో పెట్టి, పసిపిల్ల తల నిమిరి, ఎండ తగ్గాక బయల్దేరింది. గేటు దాకా నేను వెంట వెళ్లాను. అక్క వెనక్కి తిరగలేదు.

రాళ్లకుంటకు చెప్పాలని వెంటనే రేడియో దగ్గర కూర్చున్నాను. మా అక్క వస్తోంది, బట్టలు దులిపించి, సోదా చేసి లోపలికి తీసుకోండని చెప్పాలి. పడమటి నుంచి దుమ్ము లేచింది. గరగర తప్ప ఏమీ వినిపించలేదు.


ఎండకాలం, 137వ రోజు

దుమ్ము తగ్గలేదు. రేడియో పలకలేదు.

అక్క ఇచ్చానన్న నాలుగు మట్టలు దొరక్కపోతే తొమ్మిదో తోట కొట్టినా లాభం లేదు. ఇల్లిల్లూ వెతికాను. నాలుగు కాదు, ఏడు ఇళ్లలో దొరికాయి. పాత బుట్టల కింద, గోడ చాటున. మూడు ఇళ్లవాళ్లు అక్కను అడగను కూడా లేదు, పట్టీ కొట్టే వారంలో వాళ్లంతట వాళ్లే తెచ్చుకున్నారు. అందరూ చెయ్యెత్తినవాళ్లే.

ఏడోది మామ ఇంట్లో, పగిలిన కుండలో. మట్టకు కొత్త చిగురు వచ్చింది. మొదట్లో నల్లనీరు కూడా వచ్చింది.

"మొలుస్తాదో లేదో చూద్దామని పెట్టినా," అన్నాడు.

అక్కను వెనక్కి పిలిపించమన్నాను. రేడియో పలికితే చెప్దామన్నాడు. మనిషిని పంపమంటే ఈ దుమ్ములో ఎవరు పోతారన్నాడు. నేను పోతానంటే, చెట్లు చూసే మనిషి ఊరు దాటకూడదని సభ పద్ధతి గుర్తుచేశాడు. అప్పుడే పోవలసింది. పోలేదు. పది రోజులుగా నాకొచ్చే నీళ్లలో సగం కెంచమ్మకు ఇస్తున్నాననుకుని తృప్తిపడబోయాను. లెక్క చూస్తే మూడు రోజులే అయింది.


గాలికాలం, 1వ రోజు

ఉదయం రేడియో పలికింది. రాళ్లకుంటలో చెట్లు చూసే ఉసేనమ్మ. పదేళ్లుగా గొంతు తెలుసు, మనిషిని చూడలేదు.

అక్క వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది వన్నూరమ్మా, నాలుగు దినాలాయ. నువ్వు చెప్పినట్టే గేటు తీయలేదు. చీర దులుపుకుంటానని అనింది, కావాలంటే కాల్చేసి వేరే గుడ్డ ఇయ్యమనింది. నీ మాట మూడు దినాలు వరసగా చదివి వినిపించినాం ఇక్కడ అందరికీ. ఎవరూ ఒప్పుకోలేదు. గోడ మీద నుంచి చెంబుడు నీళ్లు మాత్రం దించినాం."

ఎటు పోయిందని అడిగాను. తూర్పున రాళ్ల గుట్టల వైపని చెప్పింది. నీ అక్క అని తెలియదని కూడా చెప్పింది.

ఈ పుస్తకం, రెండు తిత్తుల నీళ్లు తీసుకుని బయల్దేరుతున్నాను. ఎవరినీ అడగలేదు. సుంకన్న గేటు తీసి, తన తిత్తి కూడా ఇచ్చాడు.


గాలికాలం, 4వ రోజు

దొరికింది. బతికి ఉంది.

రాళ్ల గుట్టల నడుమ, నీడ పడే చోట పడుకుని ఉంది. చుట్టూ పాత కాలపు ముళ్లజెముడు. మా అవ్వ చెప్పగా విన్నదే గానీ నేను ఎన్నడూ చూడలేదు. ఆ మట్టలను రాళ్లతో చిదిపి నమిలినట్టుంది, పెదవుల నిండా, నాలుక నిండా ముళ్లు. నీళ్లు పోస్తే మింగుడుపడలేదు. గుడ్డ తడిపి నోట్లో పిండాను. ముళ్లు ఒక్కొక్కటి తీస్తూ కూర్చున్నాను.

మామ ఇంట్లోనూ దొరికిందని చెప్పాను. నవ్వినట్టే అనిపించింది, చెప్పలేను. గేటు తీయకపోవడానికి నేను చదివిన హెచ్చరికే కారణమని కూడా చెప్పాను. తెలుసన్నట్టు తల ఊపింది. వాళ్లు గోడ మీద నుంచి నా పేరు చెప్పి మరీ చదివి వినిపించారట.

ఎండ తగ్గాక కళ్లు తెరిచి అడిగింది.

"కెంచమ్మకి నీళ్లు పోస్తాండారా?"

"పోస్తాండారు."

"తల వంచుకోని నిలబడతాందా?"

"లేదక్కా. ఇంటికే తెచ్చి పోస్తాండారు."

ఈ పుస్తకంలో ఎన్నడూ అబద్ధం రాయలేదు. ఇదీ రాయడం లేదు. నోటితో చెప్పాను, చెప్పానని రాస్తున్నాను.


గాలికాలం, 5వ రోజు

తెల్లవారుజామున అక్క పోయింది. తవ్వడానికి ఇసుక లేదు, అంతా రాయి. గుండ్లు మోసుకొచ్చి పేర్చాను. మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆ తర్వాత ఏం చేయాలో తోచక, తెలిసిన పని చేశాను. చెట్లు చూశాను.

ముళ్లజెముడు మీద మీసాలపురుగులు ఉన్నాయి. మట్టల అంచులకు చంద్రవంక గాట్లు, పాతవి, కొత్తవి. ఇవి ఎక్కడి నుంచో కొత్తగా రాలేదు, ఇక్కడే ఉంటూ వచ్చాయి. అయినా చెట్లు నిలిచి ఉన్నాయి. ఒక మొదలు చీల్చాను. పిల్లపురుగు తొలిచిన దారి రెండు అంగుళాల దగ్గర ఆగిపోయింది. ఆ దారి నిండా చిక్కటి జిగురు. పిల్ల అందులో మునిగి చచ్చి, గట్టిపడి ఉంది. ఇరవై చెట్లు చూశాను. చాలావాటిలో అంతే. ఎక్కడో ఒకటి రెండు తప్పించుకుని పెద్దవవుతున్నాయి. చెట్టూ బతుకుతోంది, పురుగూ బతుకుతోంది.

మా చెట్టులో ఆ జిగురు లేదు. గానుగలో నీళ్లు తేలిగ్గా దిగాలని, ఈ రకాన్ని తయారుచేసినప్పుడే ముళ్లతో పాటు జిగురు కూడా తీసేశారు. అందుకే పిల్లపురుగుకు మా తోట మెత్తటి రొట్టె అయింది.

మట్ట ఒక్కటి కూడా కోయలేదు. సభ ఒప్పుకున్నాకే రావాలి.


గాలికాలం, 10వ రోజు

నిన్న ఊరు చేరాను. గేటు బయట బట్టలన్నీ విప్పి దులిపాకే లోపలికి రానిచ్చారు. అదీ నేను పెట్టిన నియమమే.

సభలో ముళ్లజెముడు సంగతి చెప్పాను. మట్టలు తెచ్చి, వేరే చోట అరవై రోజులు ఉంచి చూసి, అప్పుడు నాటుదామన్నాను. సుంకన్న ఒక్కో చెట్టుకు ఎన్ని నీళ్లొస్తాయని అడిగాడు. మన చెట్టులో పదో వంతు, అదీ జిగురు విరిగాక. ఎన్నేళ్లకు? నాలుగేళ్లకు. ఎవరూ కాదనలేదు, ఎవరికీ సంతోషమూ లేదు. ఉన్న తోటలు కొట్టుకుంటూ పిండుకుంటూ పోతే ఏడాదిన్నర గడుస్తుంది. ఆ తర్వాత ముళ్లజెముడు నీళ్లతో ఇక్కడ నలభై మంది కంటే ఎక్కువ బతకలేరు. మిగతావాళ్లు ఏ ఊరి గేటు ముందు నిలబడాలో రేడియోలో అడుగుతున్నాం. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

కెంచమ్మ ఇంటికి పంపకం మళ్లీ మొదలుపెట్టాలని అడిగాను. ఈసారి మామ తలెత్తకుండానే సరేనన్నాడు.

సాయంత్రం చెంబుతో నీళ్లు తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. గడప బయటే నిలబడి జరిగిందంతా చెప్పాను. పసిపిల్లను భుజాన వేసుకుని, మధ్యలో ఆపకుండా విన్నది.

"అమ్మ నా గురించి అడిగిందా చిన్నమ్మా?"

"నీళ్లు పోస్తాండారా అని అడిగింది."

"ఏం చెప్పినావు?"

"పోస్తాండారని చెప్పినా. ఇంటికే తెచ్చి పోస్తాండారని."

పిల్ల వీపు తడుతున్న చెయ్యి ఆగింది.

"మంచిపని చేసినావు. నేనున్నా అదే చెబుదును," అంది. పిల్లను రెండో భుజానికి మార్చుకుని, "నిన్ను మాత్రం లోపలికి రమ్మని అనలేను చిన్నమ్మా. ఏమనుకోవద్దు," అంది.

ఏమీ అనుకోనని చెప్పాను. చెంబు అందుకుని తలుపు వేసుకుంది.

రేపు తొమ్మిదో తోట కొడతారు. పొద్దు పొడవకముందే పోయి, ఏ చెట్టు నుంచి మొదలుపెట్టాలో గుర్తులు పెట్టాలి.